వాల్సిన్ నోట్లో నువ్వుగింజ

ఫాదర్ వాల్సిన్ మెటోయర్‌ని మా గుడి వాళ్ళంతా "ఆయన" అంటారు. నేను అనను. నిక్కరుకి బొత్తాం లేకుండా, ముక్కు చీదుకుంటూ మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి బెల్లం బిళ్ళల కోసం దేబిరించిన వాల్సిన్ నాకు తెలుసు. తెల్లంగీ తొడుక్కున్నంత మాత్రాన నా నోటికి "ఆయన" ఎక్కడినుంచి వస్తుంది? వాడు పోయి ఏడాది కూడా కాలేదు, అప్పుడే గుడి హాల్లో నిలువెత్తు ఫోటో పెట్టారు. పియానో మీద చేతులు, మెడకి గురువుల పట్టీ, మొహంలో ఆ వెకిలి నవ్వు. కింద "దేవుని వాయిద్యకారుడు" అని బంగారు అక్షరాలు. దేవుడికి అంతకన్నా మంచివాడు దొరకలేదా అని ఆ ఫోటో ముందునుంచి వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను.

కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను పట్టుకుని "మిస్ ఒజీత్, మీరు ఆయనతో కలిసి పాడారట కదా, ఆయన ఎలా ఉండేవారు?" అని అడుగుతారు. నేను వాడితో కలిసి పాడలేదు. నేను పాడుతుంటే వాడు నా మీద పడి వాయించాడు. రెండింటికీ చాలా తేడా ఉంది.

వాల్సిన్ వాళ్ళ నాయనమ్మది మా ఇంటికి రెండిళ్ళ అవతల. ఆవిడ ముందుగదిలో ఒక పాత పియానో ఉండేది. మా ఊరి చెమ్మకి చెక్క ఉబ్బి, సగం మెట్లు నొక్కినా పలికేవి కావు. వాల్సిన్ పలికే మెట్లు చేత్తో వాయించి, పలకని చోట నోటితో "టింగు, టాంగు" అని పూర్తి చేసేవాడు. జబ్బు అక్కడే అంటుకుంది. ఎక్కడ ఖాళీ కనిపించినా పూడ్చెయ్యాలి. చేత్తో కాకపోతే నోటితో.

ఇక ఆ నోరు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా ఎరుగుదురు. ఒకసారి మా అన్నయ్య క్లోవిస్ గుడి వెనక నక్కి సిగరెట్ తాగాడు. వాల్సిన్ పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చి, ఎవరూ అడక్కుండానే మా అమ్మతో, "అత్తా, క్లోవిస్ గుడి వెనక సిగరెట్ తాగట్లేదు" అన్నాడు. స్నేహితుణ్ణి కాపాడుతున్నానని వాడి ఉద్దేశం. ఆ రోజు అన్నయ్య వీపు చిట్లిపోయింది.

అలాంటివాడు గురువు అవుతానని చదువుకి వెళ్ళిపోతే మా వీధి కాస్త ఊపిరి పీల్చుకుంది. ఎక్కువ కాలం కాదు. పట్టీ కట్టుకుని, మా గుడికే గురువై, ఊడిపడ్డాడు. అక్కడ దైవశాస్త్రం ఎంత ఒంటబట్టిందో తెలియదు కానీ, ఆ చదువుల ఊళ్ళో ఉన్న బార్లన్నీ తిరిగి జాజ్ మాత్రం బాగా ఒంటబట్టించుకున్నాడు. వచ్చిన మొదటి సోమవారమే ప్లాసిడ్ బార్‌కి వచ్చి, మెడపట్టీ కూడా తియ్యకుండా, పియానో ముందు చతికిలబడ్డాడు.

సోమవారం ప్లాసిడ్ ఎర్ర బీన్స్ వండి అన్నంతో పెట్టేవాడు. జనం వచ్చేది నిజానికి ఆ బీన్స్ కోసం. మా అన్నయ్య డ్రమ్ములు వాయించేవాడు, నేను పాడేదాన్ని. బేస్ వాయించేవాళ్ళు మారుతూ ఉండేవారు. వాల్సిన్ పక్కన ఎవడూ ఆర్నెల్లు నిలవలేదు.

మా పనిలో ఒక మర్యాద ఉంది. ఒకరి వంతు వచ్చినప్పుడు మిగతావాళ్ళు చేతులు వెనక్కి తీసుకోవాలి. పాడే మనిషి ఊపిరి తీసుకునే చోట పియానో వాడు చిన్నగా ఒక మాట అనొచ్చు, అంతే. వాల్సిన్ అలా కాదు. నేను ఊపిరి తీస్తే చాలు, పిలవని పేరంటానికి వచ్చినట్టు పదివేళ్ళతో దూరేవాడు. నేను మళ్ళీ అందుకున్నా బయటికి వెళ్ళేవాడు కాదు.

"నేను పాడుతుంటే ఆ చేతులు కాసేపు ఒళ్ళో పెట్టుకోలేవా?" అని అడిగాను ఒకసారి, బీన్స్ తినేటప్పుడు.

"నువ్వు ఆగావు కదే. ఖాళీగా ఉందని వేశాను."

"ఆగింది ఊపిరి కోసంరా."

"పీల్చుకో. నేనొద్దన్నానా? తోడుగా ఉందామని వాయించాను."

"నీ తోడు తగలెయ్య. నా గొంతు నాకే వినపడ్డం లేదు."

కౌంటర్ వెనకనుంచి ప్లాసిడ్ గరిటె ఊపాడు. "ఫాదర్‌ని పట్టుకుని 'రా' అంటావేంటి ఒజీత్. నరకానికి పోతావు."

"అక్కడ వీడి పియానో లేదని రాసివ్వు, ఇప్పుడే పోతాను."

అన్నయ్య నవ్వి తల వంచుకుని తింటున్నాడు. మా అన్నయ్య మాట తక్కువ మనిషి. డ్రమ్ముల దగ్గర కూడా అంతే. తనంతట తాను పాట ఎత్తుకునేవాడు కాదు. వాల్సిన్ ఎత్తుకున్నాక, కాసేపు విని, అప్పుడు మెల్లగా డ్రమ్ము మీద తిప్పే బ్రష్షులు తీసేవాడు.

గుడిలో వాల్సిన్ భాగోతం ఇంకో రకం. పియానోని జరిపించి జరిపించి బలిపీఠం పక్కదాకా తెచ్చుకున్నాడు. ప్రసంగం మధ్యలో మాట తడుముకున్నాడంటే వెళ్ళి నాలుగు మెట్లు నొక్కి వచ్చేవాడు. ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. దాన్ని దేవుడి ఆవేశం అనుకునేవాళ్ళు. నాకు తెలుసు, ప్రసంగం రాసుకురాకపోతే వాడు చేసే పని అదే. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు మునుగుతాడంటారు. వీడు మునగలేదు సరికదా, రెండు ఒడ్డుల మీదా చప్పట్లు కొట్టించుకున్నాడు.

ప్రార్థనల సమయం వచ్చిందంటే ఈసారి ఎవరి వంతోనని బెంచీల్లో ముడుచుకునేవాళ్ళం. వాడు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, "పేరు చెప్పడం ధర్మం కాదు. మూల మీద పచ్చ తలుపు ఇంట్లో ఉంటున్న మన సోదరుడు తాగుడు మానాలని దేవుణ్ణి వేడుకుందాం" అనేవాడు. మూల మీద పచ్చ తలుపు ఇల్లు ఒక్కటే ఉంది. ఆ సోదరుడు మూడో వరుసలో పెళ్ళాం పక్కనే కూర్చుని ఉన్నాడు. అలాంటి ప్రార్థనలు వారానికి రెండు.

పాపసంకీర్తనంలో గురువు చెవిన పడిన పాపం ప్రాణం పోయినా బయటికి రాకూడదు. అలా విన్నది వాడు బయటపెట్టాడని మాత్రం ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. అయినా వాడి నోరు చూశాక ఎవరు నమ్ముతారు? మా వాళ్ళు ట్రామెక్కి అవతలి పేటలో గుడికి వెళ్ళి, ముక్కూ మొహం తెలియని గురువుకి పాపాలు చెప్పుకుని వచ్చేవాళ్ళు. నేను బద్ధకించి ఒకసారి వాల్సిన్ పాపాలు వినే చెక్కగూటిలోనే మోకరించాను. మొదటి పాపం సగం చెప్పానో లేదో, జాలీ అవతలనుంచి, "అది నాకు తెలుసు, తరవాతది చెప్పు" అన్నాడు. లేచి వచ్చేశాను.

ఇవన్నీ క్షమించవచ్చు. మా అమ్మ శవం దగ్గర చేసింది మాత్రం నేను క్షమించలేదు.

మా దగ్గర చావుకి ఒక వరస ఉంది. మనిషిని సమాధికి అప్పగించేదాకా నెమ్మది పాటే. అడుగు కూడా నెమ్మదిగానే పడాలి. అప్పగించి వెనక్కి తిరిగాక, అప్పుడు బాకా ఊది, గొడుగులు విప్పి, ఎగిరే పాట. ముందు ఏడుపు, తరవాత ఆట. మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది.

అమ్మ పూజ ముగిసింది. శవపేటిక గుడి మధ్యనుంచి బయటికి వస్తోంది. ముందు కుడివైపు అన్నయ్య, మిగతా చోట్ల మామయ్యలు. వాల్సిన్ పియానో దగ్గర నెమ్మది కీర్తన వాయిస్తున్నాడు. బాగానే వాయిస్తున్నాడు, ఆ మాట కాదనను. చివరి చరణం అయిపోయింది. పేటిక ఇంకా గుమ్మం చేరలేదు. అక్కడ ఒక ఖాళీ వచ్చింది. ఊరుకోవాలి. ఊరుకుంటే వాల్సిన్ ఎలా అవుతాడు? వేళ్ళు వాటంతట అవే సోమవారం దారి పట్టాయి. ఎగిరే పాట ఎత్తుకున్నాడు.

అన్నయ్య డ్రమ్ముల మనిషి. వాల్సిన్ ఎత్తుకుంటే అన్నయ్య ఒళ్ళు అందుకుంటుంది, బుర్రతో పని లేదు. భుజం మీద అమ్మ పేటిక పెట్టుకుని కాలు ఎగరేశాడు. ముందు వైపు ఎగిరింది, వెనకవైపు ఎగరలేదు. పేటిక ఒరిగింది. లోపల అమ్మ జరిగిన చప్పుడు నేను విన్నాను. వెనక వరుసల్లో ఇద్దరు ముగ్గురు అలవాటుకొద్దీ గొడుగులు కూడా విప్పారు.

మామయ్యలు పట్టుకున్నారు కాబట్టి కింద పడలేదు. వాల్సిన్ గభాలున మళ్ళీ నెమ్మది పాటలోకి దిగాడు, చెయ్యి కాలినవాడిలాగా. బయట మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, "ఒజీత్, ఖాళీ వచ్చింది, నేను..." అని మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి కాకుండానే నేను వెళ్ళిపోయాను.

అన్నయ్య ఆ రోజునుంచి గుడి గుమ్మం తొక్కలేదు. సోమవారాలు మాత్రం మానలేదు. ఎందుకు మానవని అడిగితే, "వాడు వాయించకపోతే నాకు చేతులు కదలవే" అన్నాడు. నాకు తిక్కరేగింది. కానీ నేనూ మానలేదు. ఊళ్ళో ఇంకో పియానో వాడు దొరకాలి కదా.

ఇప్పుడు ఎవరిస్ట్ సంగతి చెప్పాలి. ఎవరిస్ట్ బాకా వాయించేవాడు, అందగాడు, నన్ను చేసుకుంటానన్నాడు. పెళ్ళి సంగతి ఇద్దరం గుడిలో చెప్పాం కూడా. ఒక రోజు చెప్పాపెట్టకుండా షికాగో రైలెక్కి పోయాడు. ఒక ఉత్తరం లేదు, కబురు లేదు. పోయేముందు వాడితో మాట్లాడుతూ కనిపించిన ఆఖరి మనిషి మా అన్నయ్య. ఏం మాట్లాడావని అన్నయ్యని ఎన్నిసార్లు అడిగానో. "ఏం లేదే" అనేవాడు, అటు తిరిగేవాడు. నేను ఇంకెవర్నీ చేసుకోలేదు. నాకు ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది, గొంతులో చేపముల్లు ఉన్నట్టు.

ఏళ్ళు గడిచాయి. ప్లాసిడ్ పోయాడు, బార్ ఎవరో కొన్నారు, మేము ముసలివాళ్ళమయ్యాం. అన్నయ్యకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. సిస్టర్లు నడిపే ఆశ్రమంలో చేర్చాను. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒజీతూ, ఒక మాట ఉంది. లోపల పెట్టుకుని పోలేను."

నేను మంచం మీదికి వంగాను. "చెప్పు అన్నయ్యా."

"నీతో కాదు. ఫాదర్‌తో చెప్పేది."

నేను ఆ సాయంత్రమే అవతలి పేట గురువుని తీసుకొచ్చాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. పావుగంటలో బయటికి వచ్చి, ఏమీ చెప్పలేదన్నట్టు చేతులు తిప్పాడు. లోపలికి వెళ్తే అన్నయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు.

"అబ్బాయి మంచివాడే. కానీ వాడికి అన్నీ మొదటినుంచి చెప్పాలి. ఎవరెవరు, ఏ వీధి, ఎప్పుడు. అంత ఊపిరి లేదు నాకు. వాల్సిన్‌కైతే సగం చెబితే చాలు."

"అయితే వాల్సిన్‌కే చెప్పు."

"వాడికి చెబితే..." అని ఆగాడు.

"ఆదివారం ప్రార్థనలో ఊరంతా వింటుంది" అన్నాను. అన్నయ్య నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక కళ్ళలో భయం కనపడింది. చెప్పకుండా పోతానేమోనన్న భయం. మా అన్నయ్య దేనికీ భయపడగా నేను చూడలేదు.

నేను గుడి వెనక వాల్సిన్ ఉండే ఇంటికి వెళ్ళాను. వంటింట్లో బెండకాయలు వేయిస్తున్నాడు, పెద్ద నైపుణ్యం ఉన్నవాడిలాగా. విషయం చెప్పాను.

"వెళ్ళి కూర్చో. నోరు మూసుకుని కూర్చో. ఒక్క మాట అనకు, సలహా చెప్పకు, 'నాకు తెలుసు' అనకు. జన్మలో ఒక్కసారి ఖాళీని ఖాళీగా వదిలెయ్యి. చేతనవుతుందా?"

వాడి మొహం చిన్నబోయింది. "నేను ఎవరి పాపమైనా ఎప్పుడైనా బయట చెప్పానా ఒజీత్?"

"పచ్చ తలుపు?"

"అది వాడు వీధిలో అరుస్తూ చెప్పాడే. గూట్లో చెప్పింది కాదు."

"నీకు తేడా తెలుసా?"

బెండకాయలు మాడిపోతున్నాయి. వాడు పొయ్యి కట్టేసి కోటు తొడుక్కున్నాడు.

నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తలుపు సరిగ్గా పడదు, ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే అక్కడ కూర్చున్నాను. కందకు లేని దురద కత్తిపీటకి ఎందుకు అనుకుంటారేమో. అన్నయ్య లోపల పెట్టుకున్న ఆ మాట ఎవరిస్ట్ గురించేనని నాకు గట్టి నమ్మకం. చచ్చిపోయే మనిషి నోట ఒక్క పేరు వింటే చాలు అనుకున్నాను. కానీ లోపలినుంచి ఏమీ వినపడలేదు. వాల్సిన్ గొంతు లేదు, అన్నయ్య గొంతూ లేదు. చాలాసేపటికి వాల్సిన్ బయటికి వచ్చి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఏమైంది?" అన్నాను అన్నయ్యతో.

"శవం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడే. చేతులు తొడల కింద పెట్టుకుని, పెదాలు బిగించి. అలా చూస్తుంటే ఏం చెబుతాను?" కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఎత్తుకోవడం నాకు రాదు ఒజీతూ. జన్మంతా వాడు ఎత్తుకుంటే నేను అందుకున్నాను."

వాణ్ణి నోరు మూసుకోమన్నది నేనే. ఆ మాట నేను అన్నయ్యకి చెప్పలేదు. వాల్సిన్ కూడా చెప్పలేదని తరవాత తెలిసింది.

రెండు రోజులయ్యాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక, వాల్సిన్ మళ్ళీ వచ్చాడు. ఆశ్రమంలో అందరూ కూర్చునే హాలు ఒకటి ఉంది. అక్కడ గోడకి ఆనించి ఒక పియానో. సిస్టర్ బెనిగ్నా ముసలివాళ్ళ చేత అంకెల ఆట ఆడిస్తోంది. వాల్సిన్ అన్నయ్యని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, నెట్టుకుంటూ తెచ్చి, పియానో బల్లకి ఆనించి ఆపాడు. అన్నయ్య నోరు సరిగ్గా వాడి చెవి దగ్గరికి వచ్చేలా.

"ఇక్కడా ఫాదర్? ఇంతమందిలోనా?" అంది సిస్టర్.

"మీ ఆట మీరు కానివ్వండి సిస్టర్. అంకెలు గట్టిగా పిలవండి" అన్నాడు.

మొదలుపెట్టాడు. సోమవారం పాట, అన్నయ్యకి ఇష్టమైనది, నెమ్మదిగా. అన్నయ్య తల వంచుకుని కాసేపు విన్నాడు. వేళ్ళు కుర్చీ చెయ్యి మీద కదిలాయి. ఒకటి, రెండు, బ్రష్షులు తిప్పినట్టు. తరవాత పెదాలు కదిలాయి.

నేను దుప్పటి సర్దే వంకతో లేచాను. నేను ఒక అడుగు వేస్తే వాల్సిన్ ఎడమచెయ్యి బరువెక్కింది. ఇంకో అడుగు వేస్తే రెండు చేతులూ బరువెక్కాయి. బార్‌లో నేను పాడుతుండగా నావైపు ఒక్కసారి చూసి ఎరగని మనిషి, ఇప్పుడు నా కాళ్ళవైపే చూస్తూ వాయిస్తున్నాడు. నేను పియానో దగ్గరికి చేరేసరికి ఆ హాలు అద్దాలు అదురుతున్నాయి. ఒక ముసలాయన, "అంకె వినపడ్డం లేదయ్యా, ఆ గోల ఆపండి" అని విసుక్కున్నాడు. అన్నయ్య పెదాలు చూస్తున్నాను. పెదాలు కదులుతున్నాయి, ఊపిరికి ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. ఆగిన చోటల్లా వాల్సిన్ నింపుతున్నాడు. ఒక్క ముక్క నా చెవిన పడలేదు. నేను వెనక్కి తగ్గాను. వాడూ తగ్గించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా నా గొంతు నాకు వినపడకుండా చేసినవాడు ఇప్పుడు మా అన్నయ్య గొంతు కూడా వినపడనివ్వడం లేదు.

అన్నయ్య పెదాలు ఆగిపోయాయి. వాల్సిన్ కుడిచెయ్యి మెట్ల మీదనుంచి తీసి అన్నయ్య నుదుటి ముందు సిలువ గుర్తు వేశాడు. ఏదో అన్నాడు, అదీ వినపడలేదు. ఎడమచెయ్యి వాయిస్తూనే ఉంది.

గదికి తీసుకెళ్ళాక అన్నయ్య, "ఒజీతూ, ఆకలేస్తోంది" అన్నాడు. వారం రోజుల్లో అదే మొదటిసారి. బీన్స్ తెచ్చిపెడితే నాలుగు చెంచాలు తిన్నాడు. మొహం తేటపడింది. ఆ ఆదివారం తెల్లవారేసరికి పోయాడు, నిద్రలోనే.

అన్నయ్యని తీసుకెళ్ళేటప్పుడు వాల్సిన్ గుడిలో నెమ్మది కీర్తన వాయించాడు. చివరి చరణం అయిపోయింది, పేటిక ఇంకా గుమ్మం చేరలేదు. వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పేటిక బయటికి వెళ్ళేదాకా గుడిలో అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేర్చుకోవడానికి మా అమ్మ చావు ఒకటి కావలసి వచ్చింది వెధవకి.

ఆ తరవాత నేను వాణ్ణి వదల్లేదు. పిండి ఎర్రగా వేయించి నేను చేసే గంబో పులుసు అంటే వాడికి ప్రాణం. రొయ్యలు దండిగా వేసి, వండి, పిలిచి పెట్టాను. రెండో గిన్నె మధ్యలో అడిగాను.

"ఎవరిస్ట్ గురించేనా?"

"పిండి ఇంకొంచెం ఎర్రగా వేయించాల్సిందే ఒజీత్" అన్నాడు. తరవాత ఆ పిండిని ఎలా వేయించాలో, వాళ్ళ నాయనమ్మ ఎలా వేయించేదో, ఆ మూకుడు ఇప్పుడు ఎవరింట్లో ఉందో, వాళ్ళకీ వాళ్ళ కోడలికీ ఎందుకు పడదో అరగంట చెప్పాడు.

"అవునో కాదో తల ఊపు. మాట కూడా అక్కర్లేదు."

లేచి మా ముందుగదిలోకి వెళ్ళి, నా పియానో మూత తీశాడు.

విస్కీ పోసి చూశాను. తిట్టి చూశాను. ఏడ్చి కూడా చూశాను. విస్కీ తాగి, బిషప్ గారి కట్టుడుపళ్ళు ఏ విందులో జారి సూపులో పడ్డాయో చెప్పాడు. తిడితే పడ్డాడు. ఏడిస్తే పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. తన ముక్కు చీదడం ఎక్కువై నా ఏడుపే ఆగిపోయింది. ఆ ఒక్క మాట మాత్రం లేదు.

ఆఖరికి వాడూ ఆ ఆశ్రమంలోనే చేరాడు. బుర్ర పనిచెయ్యడం మానేసింది. సిస్టర్ బెనిగ్నా ముసలిదైపోయి కూడా వాడికి తనే అన్నం తినిపించేది. చేతులు వణికేవి, మెట్లు పట్టు దొరికేవి కావు. పియానో దగ్గరికి తీసుకెళ్తే అది ఏమిటని అడిగాడట. నోరు మాత్రం ఆగలేదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా వాగుడే. ఎవరు ఎదురుగా ఉన్నారో తెలియదు. చిన్నప్పుడు పళ్ళు ఎవరి చెట్టున కోశాడో, ఏ పిల్లని చూసి గురువుల చదువు మానేద్దామనుకున్నాడో, తను ఎప్పుడు ఏ పాపం చేశాడో అన్నీ బయటపడుతున్నాయి. సిస్టర్ చెవులు మూసుకునేది.

ఆ సంగతి విని నేను రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. అందరూ నా స్నేహధర్మం చూసి ముచ్చటపడ్డారు. ధర్మమా పాడా. కట్ట తెగిన చెరువు కదా, ఆ నీళ్ళలో నాది కూడా కొట్టుకొస్తుందని వెళ్ళాను. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, వాడి నోటివైపు చెవి పెట్టి కూర్చునేదాన్ని.

ఒకరోజు వాడు ప్లాసిడ్ గరిటె గురించి చెబుతున్నాడు. మధ్యలో ఊపిరికి ఆగాడు. నేను వంగి, మెల్లగా, "క్లోవిస్ నీకు ఏం చెప్పాడు వాల్సిన్?" అన్నాను.

వాడి నోరు మూతపడింది. కళ్ళు నన్ను గుర్తుపట్టలేదు, ఆ పేరు కూడా గుర్తుపట్టిందో లేదో తెలియదు. రెండు చేతులూ దుప్పటి కిందనుంచి బయటికి వచ్చాయి. వణుకు ఆగిపోయింది. పదివేళ్ళూ దుప్పటి మీద పెట్టి వాయించడం మొదలుపెట్టాడు. నేను, "ఎవరిస్ట్ గురించేనా?" అన్నాను. ఎడమచెయ్యి బరువెక్కింది. దుప్పటి కింద మంచం ఇనుము కిర్రుమంది. నేను కుర్చీ వెనక్కి జరిపాను. వాడు తగ్గించాడు.

నేను చాలాసేపు ఆ వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు హాల్లో అన్నయ్య పక్కన వాయించిన పాటేనని వేళ్ళని బట్టి తెలిసిపోయింది. ఇక అడగడానికి నాకు ఏమీ మిగల్లేదు. నోరు ఊరికే ఎందుకు ఉంచాలని, నేను పాట అందుకున్నాను, చిన్న గొంతుతో, సిస్టర్‌కి వినపడకుండా. రెండో వరుస దగ్గర ఊపిరి కోసం ఆగాను. ఎప్పటిలాగే పదివేళ్ళతో దూరాడు, దౌర్భాగ్యుడు, నేను మళ్ళీ అందుకున్నా బయటికి పోలేదు.